కొండ మీద గోంగూరను ఏమంటారు?

కోటప్పకొండ తిరణాలకు మా మనవరాలు హైదరాబాదు నుంచి నరసరావుపేట వచ్చింది. నాలుగో తరగతి చదువుతోంది. ప్రభలు చూసింది, జీళ్లు తిన్నది, మూడో రోజుకు ఏమీ తోచక నన్ను పీక్కుతినడం మొదలుపెట్టింది. నాగార్జునకొండ చూపిస్తానని మాచర్ల మీదుగా విజయపురి సౌత్‌కు తీసుకెళ్లాను. అక్కడ కృష్ణ మీద నాగార్జునసాగర్ జలాశయంలో లాంచీ ఎక్కితే కొండకు దాదాపు గంట ప్రయాణం. సగం దూరం పోయాక డబ్బా మూత తీశాం. అన్నం, గోంగూర పచ్చడి, నంజుకోవడానికి ఉల్లిపాయ. రెండు ముద్దలు తిని, వేలు నాకుతూ అడిగింది:

"తాతా, మా క్లాసులో ఒకమ్మాయి దీన్ని పుంటికూర అంటది. ఆ ఒడ్డున వాళ్లది పుంటికూర, ఈ ఒడ్డున మనది గోంగూర. మరి ఆ దీవిలో ఏమంటారు?"

పక్క బెంచీ మీద పెద్దాయన నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అరవై ఏళ్లుగా గోంగూర తింటున్నాను, ఎన్నోసార్లు ఈ కొండకు వచ్చాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. పొట్టి జవాబు ఒకటుంది: ఆ కొండ మీద కాపురాలు లేవు. పొద్దున మ్యూజియం ఉద్యోగులు, కాపలావాళ్లు, మనలాంటి చూడవచ్చినవాళ్లు వెళతారు, సాయంత్రం తిరిగి వస్తారు. ఎవరు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి మాటే అక్కడ వినపడుతుంది. మాటకు నోరు కావాలి, నోటికి ఇల్లు కావాలి. కానీ ఈ జవాబుతో ఆ పిల్లకు తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. అసలు ఏ చెట్టుకైనా, ఏ కాయకైనా ఆ పేరే ఎందుకు వచ్చింది, అది ఒక ఊళ్లో ఒకలా, ఇంకో ఊళ్లో ఇంకోలా ఎందుకుంది అన్నది తేలితే తప్ప దాని ప్రశ్న తీరదు.

ముందు దీవి సంగతి. ఆ లాంచీలో దీవి అన్న మాట అన్నది మా పిల్ల ఒక్కతే. టిక్కెట్టు ఇచ్చినాయన "కొండకేనా?" అన్నాడు. లాంచీ నడిపేవాళ్లు "కొండ కాడ గంటసేపు ఆగుతాం" అన్నారు. చుట్టూ నీళ్లున్న నేలను దీవి అనాలని బళ్లో చెప్పారు కదా, మరి వీళ్లంతా కొండ అంటారేం?

నీళ్ల నడుమ నేలకు తెలుగులో ఒకటికి నాలుగు మాటలున్నాయి. కృష్ణ రెండు పాయలై సముద్రంలో కలిసే చోట మధ్యలో ఉన్నది దివిసీమ. ఏట్లో ఒండ్రు మేటవేసి లేచిన నేల లంక. ఇంకా చిన్న దిబ్బయితే తిప్ప. వాన కురిసినప్పుడు వాకిట్లో చూడండి. నీళ్లు జోరుగా పారిన చోట మన్ను కోసుకుపోతుంది, జోరు తగ్గిన చోట ఆ మన్నే పల్చగా పేరుకుంటుంది. ఏరూ అంతే. విజయవాడ దాటాక కృష్ణకు నేల చదును, నడక నిదానం. మోసుకొచ్చిన ఒండ్రును అక్కడ దించుతుంది, లంకలు లేస్తాయి. గోదావరి లంకల్లో పండే పొగాకును లంక పొగాకు అనే అంటారు. అలా ఒక మొక్క పేరులోకి దీవి వచ్చి కూర్చుంది. మన పల్నాడు పొడుగునా మాత్రం కృష్ణ చాలాచోట్ల గట్టి రాతిని ఒరుసుకుంటూ కొండల మధ్య పారుతుంది. ఒండ్రు దించే తీరిక తక్కువ. లంకలు అరుదు. లేనిదానికి మాటతో పనేముంది?

నాగార్జునకొండ మేటవేసి లేచింది కాదు, లోయ మునిగితే మిగిలింది. ఆ లోయలో 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. సాగర్ కడితే అదంతా నీటిపాలవుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. బయటపడిన శిల్పాలను కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు, కొన్ని కట్టడాలను మళ్లీ పైన పేర్చారు. నీళ్లు పెరిగి పెరిగి కొండ చుట్టూ చేరాయి. అయితే పేరు పెట్టిన నాడు చూసినవాళ్లకు కనపడింది కొండే. నీళ్లు వచ్చాయని ఎవరూ పేరు మార్చుకోలేదు. మ్యాపులో అది దీవి, పల్నాడులో కొండ.

ఇక్కడ మనకొక దారి దొరికింది. పేరు విప్పి చూస్తే, పెట్టినవాళ్లు ఆ వస్తువులో ఏం చూశారో తెలుస్తుంది. ఇప్పుడు ఆ దారినే గోంగూర దగ్గరికి పోదాం.

ఆకుకూరల పేర్లు వరసగా అనుకోండి: తోటకూర, చుక్కకూర, పాలకూర, బచ్చలికూర. అన్నిటి చివరా కూర ఉంది. గోంగూరలో మాత్రం గూర. కూర ఏమైంది? ఆ మొక్క పేరు గోగు. పాత పుస్తకాల్లో 'గో' పక్కన అరసున్న పెట్టి గోఁగు అని అచ్చువేసేవారు, అంటే గో కొంచెం ముక్కులో పలికేది. గోఁగు ఆకుతో చేసేది గోఁగుకూర. గబగబా పదిసార్లు అనమన్నాను మా పిల్లను. ఏడోసారికే గు, కూ ఒకదాన్నొకటి తోసుకుని "గోంగూర" అనేసింది. జనం నోట్లో కొన్ని తరాలు పట్టిన పని దాని నోట్లో అరనిమిషంలో అయిపోయింది.

మరి గోగును పెంచింది ఆకు కోసమేనా? ఆకు కోసమూ, అంతకంటే ఎక్కువగా నార కోసమూ. గోగు నిలువెత్తుకు మించి పెరుగుతుంది. కోసి కట్టలు కట్టి కుంటలో ఊరవేస్తే కొన్నాళ్లకు బెరడు మెత్తబడుతుంది. అప్పుడు చీల్చి, బాది, కడిగితే తెల్లటి నార వస్తుంది. పలుపులు, పగ్గాలు, మంచాల తాళ్లు ఆ నారతోనే పేనేవారు. నా చిన్నప్పుడు ఊరవేసిన గోగు కంపు కుంట నుంచి వీధి చివరిదాకా వచ్చేది. నారకని వేసిన పైరు లేతగా ఉన్నప్పుడు చిగుళ్లు తుంచుకుంటే కూర. అందుకే మన పేరులో మొక్క ముందు, కూర వెనక. ఇవాళ తాళ్లు ప్లాస్టిక్కువి, గోగు నార చూసినవాళ్లు తగ్గిపోయారు, ఆ మొక్క పేరు కూర పేరులో ఇరుక్కుని మిగిలింది.

పుంటికూర అన్న మాటా గాలికి పుట్టింది కాదు. ఉత్తర కర్ణాటకలో ఇదే ఆకును పుండి అంటారు. పుండి పల్య అక్కడ జొన్నరొట్టెలోకి ఆదరువు. అంటే కర్ణాటక పై భాగం నుంచి తెలంగాణ దాకా ఒకే మాట వరస నడిచింది, కృష్ణకు ఈవల గోగు మాట నడిచింది. అందులో ప్రభుత్వాల పాత్ర కూడా కొంత ఉంది. 1948 దాకా ఆ ఒడ్డునున్న నల్లగొండ నిజాం రాజ్యంలోది, పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. బడి, కచేరి, పుస్తకం అన్నీ వేరు. శనక్కాయలను మనం వేరుశనగ అంటే అటువైపు పల్లీలు అంటారు. ఉర్దూ మూంగ్‌ఫలీలోని ఫలీకి అది దగ్గరి చుట్టం. 1956లో కలిశాం, 2014లో విడిపోయాం, ఆ లోపల హోటళ్లు, టీవీలు, పచ్చడి సీసాలు వచ్చి గోంగూరను అటూ, పల్లీలను ఇటూ మోసుకుపోయాయి.

అయితే ఏటి నడుమ గీత గీసినట్టు ఇటు ఒకమాట, అటు ఒకమాట ఉంటాయనుకోకూడదు. దాచేపల్లి పిల్లను మిర్యాలగూడ ఇస్తారు, మిర్యాలగూడ పిల్ల దాచేపల్లి కోడలవుతుంది. ఆమె వంటింట్లో రెండు మాటలూ కొన్నాళ్లు కాపురం చేస్తాయి. అత్తగారి ముందు ఒకటి, పుట్టింటి ఫోనులో ఇంకొకటి. పిల్లలు రెండూ నేర్చుకుంటారు. ఏటి ఒడ్డు ఊళ్లలో మాట మెల్లగా రంగు మారుతుంది, ఒక్కసారిగా తెగదు.

"మిర్యాలగూడలో మిరియాలు పండుతాయా?" అంది మా పిల్ల. ఆ ఊరి కథ వేరు, కానీ మిరియం అన్నది మంచి తాడు, పట్టుకుని లాగితే చాలా దూరం పోవచ్చు. ఆ పొద్దున దారిపొడుగునా చేలల్లో మిరపకాయల కల్లాలు చూసుకుంటూ వచ్చాం. నేలంతా ఎర్రగా పరిచి, మధ్యలో కూర్చుని ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. కారు అద్దం దించితే చాలు, మా పిల్లకు తుమ్ములే తుమ్ములు. ఇంతలా పల్నాడును కమ్ముకున్న మిరపకాయ మన పంట కాదంటే నమ్మదు. నిజానికి అది అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసువాళ్లు 1498లో కాలికట్టుకు దారి కనిపెట్టాక వాళ్ల ఓడల్లో మన దేశం చేరింది. అంతకుముందు మన నాలుకకు తెలిసిన ఘాటు మిరియానిది. కొత్త కాయ కొరికినవాళ్లకు వెంటనే గుర్తుకొచ్చింది అదే. మిరియంలా మండే కాయ గనుక మిరపకాయ. కొలంబస్ కూడా మిరియాల కోసం బయలుదేరి, అమెరికాలో ఈ కాయ తిని దానికి మిరియం పేరే తగిలించాడు. ఇంగ్లీషులో ఇవాళ్టికీ రెండింటినీ పెప్పర్ అనే అంటారు. నోరు మండితే స్పెయిన్ నావికుడైనా పల్నాడు రైతైనా ఒకటే తలుస్తాడన్నమాట.

ఇది తెలిశాక పాత కథలు కొత్తగా కనపడతాయి. 12వ శతాబ్దంలో పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడంటారు. ఆ చాప మీద ఏమేం వడ్డించి ఉంటారు? జొన్నకూడు ఉంటుంది, పప్పు ఉంటుంది, మిరియం ఘాటు ఉండొచ్చు. ఎండుమిరపకాయ ఉండదు, టమాటా ఉండదు, శనక్కాయ పచ్చడి ఉండదు, భోజనమయ్యాక జామపండూ ఉండదు. ఇవన్నీ ఆ తర్వాతెప్పుడో సముద్రం దాటి వచ్చినవి. కవి శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద విసుర్లున్నాయి. పాపం ఆయన కాలానికీ మిరపకాయ రాలేదు. కారప్పొడి లేకుండా జొన్నకూడు తింటే ఎవరికైనా విసుగే వస్తుంది, ఆ పెద్దమనిషిని నేను తప్పుపట్టను.

కొత్తగా వచ్చినదానికి పాతదాని పేరు తగిలించి, ఏదో ఒక గుర్తు కలపడం మనవాళ్ల అలవాటు. శనగ పాతది. ఆ రుచికి దగ్గరగా ఉండి, భూమిలోంచి పీకితే వచ్చేది వేరుశనగ. ములక అనే ముళ్లమొక్క పాతది. దాని కాయలా గుండ్రంగా ఉన్న టమాటాను మొదట్లో కొన్ని ఊళ్లలో రామములగ అన్నారు. చింత పాతది. చింతకాయలా వంకర తిరిగి ఉండి, పరదేశం నుంచి వచ్చింది సీమచింత. సీమ అంటే ఇక్కడ దూరదేశం. వెనకటికి ఇంగ్లండు వెళితే సీమకు వెళ్లాడనేవారు. తుమ్మ పాతది. గవర్నమెంటువాళ్లు తెచ్చి నాటించింది సర్కారు తుమ్మ. ఇది మాత్రం పేరు పెట్టినవాళ్ల కసి కూడా కలిసిన మాటనిపిస్తుంది నాకు. బీడంతా ముళ్లకంప చేసిన చెట్టుకు ఎవరు తెచ్చారో పేరులోనే రాసిపెట్టారు. కొన్ని కాయలకు ఈ శ్రమేమీ పడలేదు, వాటి పేరు వాటితోనే దిగింది: అనాస, బొప్పాయి.

వేరుశనగ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఆ పేరు అబద్ధం. కాయ వేరుకు కాయదు. వేరుశనగ చెట్టుకు పసుపుపచ్చని పువ్వు నేల పైనే, కొమ్మ మొదట్లో పూస్తుంది. పువ్వు వాడిపోయాక దాని అడుగు నుంచి సూదిలాంటి కాడ ఒకటి బయలుదేరి, కిందికి వంగి, మన్నులోకి గుచ్చుకుంటుంది. ఆ కాడ కొన మన్నులో ఉబ్బి కాయవుతుంది. మొక్కను మెల్లగా పీకి, మన్ను దులిపి చూస్తే వేళ్లు వేరుగా, కాయలు వేలాడే కాడలు వేరుగా కనపడతాయి. వేళ్లకుండే చిన్న బుడిపెలు కాయలు కావు, అవి గాల్లోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవుల ఇళ్లు. చీకట్లో తడిమి పేరు పెట్టినవాడు పొరపడ్డాడు, కానీ సేద్యం చేసే రైతు పొరపడలేదు. ఆ కాడను ఊడ అంటాడు. మర్రిచెట్టు కొమ్మ నుంచి నేలకు దిగేదాన్ని ఏమంటామో అదే మాట. "ఊడలు దిగుతున్నాయి, జిప్సం చల్లాలి" అని రైతులు అనుకుంటుంటారు. కాయకు కావలసిన సున్నం వేరు ద్వారా చాలినంత రాదు, ఊడే, కాయే మన్నులోంచి నేరుగా పీల్చుకుంటాయి, అందుకని ఆ దశలో చల్లుతారు. అంగట్లో కొనే మాట వేరుశనగ, చేలో నడిచే మాట ఊడ. నన్నడిగితే రెండోదే గొప్ప మాట.

మ్యూజియం చూసి మెట్లు దిగుతుంటే గడ్డిలోంచి ఒక పిట్ట గోలగోలగా అరుస్తూ లేచింది. తీతువు. సంస్కృతంలో దాన్ని టిట్టిభం అన్నారు. ఈ రెండు పేర్లూ చెవితో విని పెట్టినవే, ఒకసారి దాని అరుపు విన్నవాళ్లకు వేరే రుజువక్కర్లేదు. తీతువు కూస్తే కీడు అంటారే, ఎందుకని అడిగింది మా పిల్ల. ఆ పిట్ట గూడు కట్టదు, ఉత్త నేల మీద రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మనిషి గానీ కుక్క గానీ దగ్గరికొస్తే అరిచి, చుట్టూ ఎగిరి, దారి మళ్లించాలని చూస్తుంది. రాత్రిపూట అది అరిచిందంటే బయట ఎవరో, ఏదో తిరుగుతున్నట్టు. కాపలా లేని పాతకాలపు ఊళ్లో ఆ కబురు విని గుండె ఝల్లుమనడంలో వింతేముంది? కీడు పిట్ట తేలేదు, వస్తున్నదాన్ని చూసి చెప్పింది, అంతే.

ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలింది. రేవు దగ్గర ఒకామె సీమచింతకాయలు అమ్ముతోంది. పది రూపాయలవి కొన్నాం. పిల్ల ఒక్కో కాయా విప్పి, తెల్లటి గుజ్జు తిని, నల్లగింజ చిదగకుండా పైతోలు వలిచే పందెం మొదలుపెట్టింది. గింజ ఒకటి జారి పక్కనున్న గడ్డిలో పడితే వెతకడానికి పోబోయింది. లాంచీలో పనిచేసేవాళ్లలో ఒకాయన కేక వేశాడు:

"ఆ గడ్డిలోకి పోబాక పాపా! చీకటి పడతంది, పురుగూ పుట్రా ఉంటయ్యి."

కారెక్కాక అడిగింది, పురుగులకు అంత భయమెందుకని. ఆయన అన్నది పాము గురించని చెప్పాను. మన ఊళ్లలో పొద్దుగూకాక పామును పాము అనరు, పురుగు అంటారు. కరిస్తే పురుగు ముట్టిందంటారు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది కదా, మనిషైనా, పామైనా. రావద్దనుకున్నదాన్ని పేరుతో పిలవడం దేనికని అసలు పేరు దాచి, చిన్న పేరు పెట్టారు. నల్లమల అంచున, రాళ్లూ పుట్టలూ ఉన్న దారుల్లో ఉత్తకాళ్లతో, లాంతరు వెలుగులో నడిచినవాళ్ల జాగ్రత్త అది. బియ్యం అయిపోతే అయిపోయాయనకుండా నిండుకున్నాయనడం, దీపం ఆరితే కొండెక్కిందనడం కూడా ఈ కోవలోవే. ఇంతసేపూ చూసిన పేర్లన్నీ వస్తువును చూపించడానికి పెట్టినవి, ఇవి మాత్రం దాచడానికి పెట్టినవి.

కాసేపు కిటికీలోంచి చీకట్లోకి చూసింది.

"మరి నిజంగా పురుగే కుడితే ఏం చెప్పాలి తాతా?"

"ఏ పురుగో చెప్పాలి తల్లీ. తేలైతే తేలు, జెర్రైతే జెర్రి."

మాచర్ల వచ్చేదాకా కాళ్లు రెండూ సీటు మీదే పెట్టుకుని కూర్చుంది.